స్టెంట్ వేసిన నాయిన రక్తం ఇవ్వొచ్చా? చిన్నప్పుడు గుండె ఆపరేషన్ అయిన నేను ఇవ్వొచ్చా?

తమ్ముడూ, నువ్వు రాసింది నాకు అర్థమైన మేరకు ఇదీ. మీది అచ్చంపేట దగ్గర ఊరు. మీ నాయినకు 56 ఏళ్లు, రెండేళ్ల కింద గుండెపోటు వస్తే హైదరాబాద్‌లో ఒక స్టెంట్ (పూడుకున్న నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం) వేశారు. ఇప్పుడు పొలం పనులన్నీ మామూలుగానే చేసుకుంటున్నారు. దేవరకొండలో ఉండే మీ మేనత్తకు వచ్చే నెల నల్గొండలో గర్భసంచి ఆపరేషన్ ఉంది, రెండు యూనిట్ల రక్తం చూసుకోమన్నారు. చెల్లెలికి నేనే ఇస్తానని నాయిన పట్టుబట్టారు. నీకేమో ఆరేళ్ల వయసులో గుండె రంధ్రానికి ఆరోగ్యశ్రీ కింద ఓపెన్ హార్ట్ ఆపరేషన్ అయింది, ఇప్పుడు 23 ఏళ్లు, వాలీబాల్ ఆడతావు. డాలస్‌లో ఉన్న మీ బావ "ఇక్కడ స్టెంట్ ఉన్నవాళ్లు కూడా ఇస్తారు" అన్నాడు. మీ ఇద్దరిలో ఎవరు ఇవ్వొచ్చని అడిగావు.

ఇద్దరూ ఇవ్వకూడదు. ఎందుకో వివరంగా చెప్తాను. ఎందుకంటే కారణం తెలియకపోతే మీ నాయిన ఆగరు. ఉమ్మడి నల్గొండ జిల్లాలో బ్లడ్ బ్యాంకు కౌన్సెలర్‌గా చాలా ఏళ్లు ఆ కుర్చీలో కూర్చున్నాను. "నాకేమైతది మేడం, దినాం మూటలు మోస్తున్న" అనే అన్నలు, నాయినలు ఎంత మందో. వాళ్ల ప్రేమలో లోపం లేదు. కానీ ఆ ప్రేమకు గుండె నాళాల సంగతి పట్టదు.

ముందు నియమం చెప్తాను. మన దేశంలో రక్తదాతల ఎంపికకు జాతీయ రక్తమార్పిడి మండలి 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం గుండెపోటు వచ్చినవాళ్లు, గుండె రక్తనాళాల్లో పూడికలు ఉన్నవాళ్లు, యాంజైనా (గుండెకు రక్తం చాలక వచ్చే ఛాతీనొప్పి) ఉన్నవాళ్లు, బీపీ వల్ల గుండె దెబ్బతిన్నవాళ్లు, కీళ్లవాతం జ్వరంతో వాల్వులు పాడైనవాళ్లు, బైపాస్ సహా ఓపెన్ హార్ట్ సర్జరీ అయినవాళ్లు శాశ్వతంగా ఇవ్వకూడదు. ఛాతీనొప్పి, ఆయాసం, కాళ్లవాపు లాంటి లక్షణాలు ఉన్నవాళ్లదీ అదే దారి. నాయిన గుండెపోటు దగ్గరే ఆగిపోతారు, నువ్వు ఓపెన్ హార్ట్ దగ్గర. ఎన్నేళ్లయింది, ఇప్పుడెంత బాగున్నారు అనే లెక్క అందులో లేదు.

మీ బావ చెప్పిందీ అబద్ధం కాదు. అమెరికన్ రెడ్‌క్రాస్ నియమాల్లో స్టెంట్ వేయించుకున్నవాళ్లు కనీసం 6 నెలలు ఆగి, నొప్పీ ఆయాసం ఏమీ లేకుండా, రోజువారీ పనులకు డాక్టర్ ఆంక్షలేవీ పెట్టకపోతే ఇవ్వొచ్చు. అది అక్కడి నియమం. ఇక్కడి బ్లడ్ బ్యాంకు ఇక్కడి నియమం పాటించాలి. నన్నడిగితే మన నియమమే మనకు సరి. స్టెంట్ తర్వాత మూడు నెలలకో ఆరు నెలలకో తప్పకుండా డాక్టర్‌కు చూపించుకునేవాళ్లు మన దగ్గర ఎంతమంది? బాగున్నాను కదా అని మాత్రలు సగంలో మానేసినవాళ్లను నేనే చాలామందిని చూశాను. లోపల ఎలా ఉందో ఎవరూ చూడనప్పుడు "బాగున్నాను" అన్న మాట మీద సూది గుచ్చలేం.

ఇప్పుడు అసలు విషయం. రక్తం ఇచ్చేటప్పుడు ఒంట్లో ఏం జరుగుతుంది?

60 కిలోల మనిషి ఒంట్లో దాదాపు నాలుగు లీటర్ల పైచిలుకు రక్తం ఉంటుంది. అందులోంచి 350 మి.లీ. తీస్తాం. బరువు 55 కిలోలు దాటినవాళ్ల దగ్గర 450 కూడా తీస్తారు. ఇది పది నిమిషాల లోపు జరిగిపోతుంది. నాళాల్లో ద్రవం ఉన్నట్టుండి తగ్గేసరికి గుండె కాస్త వేగం పెంచి సర్దుకుంటుంది. నీటి భాగం ఒకటి రెండు రోజుల్లో నిండుతుంది, ఎర్ర కణాలు తయారవడానికి వారాలు పడుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఈ సర్దుబాటు తెలియను కూడా తెలియదు. నాళాలు సన్నబడినవాళ్లకు మాత్రం చిక్కు ఇక్కడే. గుండె వేగం పెరిగితే దాని కండరానికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. సరిగ్గా అప్పుడే బీపీ తగ్గి, సన్నటి నాళంలోంచి వచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది. పైగా ఆక్సిజన్ మోసే ఎర్ర కణాలు కూడా కొన్ని సంచిలోకి వెళ్లిపోయాయి. స్టెంట్ వేసింది ఒక్కచోట. పూడిక పెట్టే జబ్బు మిగతా నాళాల్లో కూడా ఉంటుంది, దాన్ని అదుపులో ఉంచడానికే జీవితాంతం మందులు.

ఇంకోటి, కళ్లు తిరగడం. సూదిని చూసి భయపడినా, ఖాళీ కడుపుతో వచ్చినా, రాత్రి నిద్ర లేకపోయినా కొందరికి ఉన్నట్టుండి నాడి నెమ్మదించి బీపీ పడిపోతుంది. ముఖం తెల్లబడుతుంది, నుదుటి మీద చెమట పడుతుంది, ఆవలింతలు వస్తాయి. కాళ్లు ఎత్తి పెట్టి, ఒక తడి గుడ్డ వేసి, కొంచెం నీళ్లు తాగిస్తే పావుగంటలో లేచి కూర్చుంటారు. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇది పెద్ద విషయం కాదు. స్టెంట్ ఉన్న మనిషికి ఆ పావుగంటే ప్రాణం మీదికి రావచ్చు. మెటోప్రొలాల్ లాంటి మాత్ర వేసుకుంటుంటే గుండె కావాలన్నా వేగం పెంచుకోలేదు. వాల్వు బిగుసుకుపోయినవాళ్లకు ఇంకా కష్టం, వాళ్ల గుండె ఒక హద్దు దాటి రక్తాన్ని బయటికి నెట్టలేదు. రక్తం తీసే మంచం దగ్గర మామూలు మందులు, ఆక్సిజన్ ఉంటాయి. కార్డియాలజిస్ట్ ఉండరు, స్టెంట్ వేసే క్యాథ్‌ల్యాబ్ ఉండదు. అక్కడి నుంచి హైదరాబాద్ చేరేదాకా ఎంతసేపు పడుతుందో నీకు నేను చెప్పాలా?

ఒకసారి ఇలాగే అయింది. కూతురు కాన్పు కష్టమై, రాత్రి పూట రక్తం కావాలంటే తండ్రి వచ్చాడు. ఫారంలో గుండెజబ్బు దగ్గర "లేదు" అని టిక్కు పెట్టి సంతకం చేశాడు. బీపీ బాగానే ఉంది, నాడి బాగానే ఉంది, హిమోగ్లోబిన్ 13 దాటింది. మంచం మీద పడుకుని చొక్కా చేయి పైకి మడుస్తుంటే జేబులోంచి మాత్రల స్ట్రిప్ జారి కింద పడింది. మా సిస్టర్ తీసి చూస్తే సార్బిట్రేట్. ఛాతీ పట్టేసినప్పుడు నాలుక కింద పెట్టుకునే మాత్ర అది. "ఇదెప్పుడు వేసుకున్నావు?" అంటే "పొద్దున బస్సు దిగి నడుస్తుంటే వేసుకున్న" అన్నాడు. అప్పటికి సూది పెట్టలేదు. ఆయన్ను పక్కన కూర్చోబెట్టి, స్టాకులో ఉన్న రక్తాన్ని ఆ అమ్మాయికి పంపించాం. మర్నాడు అల్లుడి తమ్ముళ్లు ఇద్దరు వచ్చి ఇచ్చారు. ఆ మనిషి అబద్ధం చెప్పాలని చెప్పలేదు. దాతను తెస్తేనే రక్తం అన్న మాట ఆయన చెవిలో పడింది, అంతే. దాతను తెమ్మని అడగడం వేరు, ప్రాణాపాయంలో ఉన్న మనిషికి రక్తం ఆపడం వేరు. ఇంట్లోవాళ్లను ఆ రెండో భయంలోకి నెట్టే ప్రతి మాటా నాకు కోపం తెప్పిస్తుంది.

ఛాతీనొప్పి గురించి ఒక మాట చెప్పాలి. మన దగ్గర గుండె దగ్గర ఏమొచ్చినా ముందు "గ్యాస్" అంటారు. ఫారంలో "ఛాతీనొప్పి ఉందా" అంటే లేదనే అంటారు, ఎందుకంటే వాళ్ల లెక్కలో అది గ్యాసే. అందుకని నేను వేరేగా అడిగేదాన్ని: "యూరియా బస్తా మోసుకుని గట్టు ఎక్కితే ఎదురు రొమ్ములో బిగపట్టినట్టు అయితదా? కాసేపు కూచుంటే తగ్గుతదా?" అయితదని చెప్పిన వాళ్లను రక్తం సంగతి పక్కన పెట్టి ముందు ఈసీజీకి పంపించేదాన్ని. ఇది చదువుతున్న ఎవరికైనా అలా ఉంటే మీరూ అదే చేయండి.

నీ విషయానికి వస్తాను. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదట మూడు జిల్లాల్లో మొదలైంది, వాటిలో మన మహబూబ్‌నగర్ ఒకటి. అప్పుడు గుండె ఆపరేషన్లు అయిన పిల్లలు ఇప్పుడు రక్తం ఇచ్చే వయసుకు వచ్చారు. నీలాంటి ప్రశ్న ఇంకా చాలామంది అడుగుతారు, అడగాలి కూడా. రంధ్రం మూసేశాక పిల్లలు మామూలుగా పెరుగుతారు, ఆడతారు, చదువుతారు. అయితే గుండె లోపల కుట్లు పడిన చోట మచ్చ ఉంటుంది, దాని వల్ల కొందరికి ఏళ్ల తర్వాత గుండె లయ తప్పవచ్చు. అలాంటివాళ్లను ఒక్కొక్కరిగా పరీక్షించి తేల్చే వీలు రక్తదాన శిబిరంలో ఉండదు. అందుకే ఓపెన్ హార్ట్ అని రాసి ఉంటే వద్దంటారు. నువ్వు వాలీబాల్ ఆడగలుగుతున్నావంటే నాకు చాలా సంతోషం. ఆడుతూ ఉండు, కార్డియాలజిస్ట్ చెప్పిన గడువుకు 2డీ ఎకో (గుండె స్కానింగ్) చేయించుకుంటూ ఉండు. రక్తం మాత్రం ఇవ్వకు. రొమ్ము కోయకుండా తొడ దగ్గరి నాళం గుండా పరికరం పంపి రంధ్రం మూసినవాళ్ల కేసు వేరు. వాళ్లు డిశ్చార్జి కాగితం, తాజా ఎకో రిపోర్టు తీసుకెళ్లి బ్లడ్ బ్యాంకు మెడికల్ ఆఫీసర్‌కు చూపించాలి, ఆయన నిర్ణయమే ఫైనల్.

వద్దన్నారంటే మీ రక్తం చెడ్డదని ఎవరూ అనుకోవద్దు. గుండెజబ్బు రక్తంలో ఎక్కి ఇంకొకరికి పోదు. ఈ నియమం దాదాపు పూర్తిగా ఇచ్చేవాళ్ల ప్రాణం కోసం పెట్టిందే. కొన్ని మందుల దగ్గర మాత్రం పుచ్చుకునేవాళ్ల సంగతి కూడా వస్తుంది. ఎకోస్ప్రిన్ (ఆస్పిరిన్ మాత్ర) వేసుకున్న 3 రోజుల లోపు ఇచ్చిన రక్తం నుంచి ప్లేట్‌లెట్లు తీయరు, అవి సరిగా అతుక్కోవు. వాల్వు మార్చినవాళ్లు వాడే అసిట్రోమ్, వార్ఫరిన్ లాంటి గడ్డకట్టనివ్వని మందులు, గుండె లయకు వాడే మందులు, డిజాక్సిన్ వాడేవాళ్లు అసలే ఇవ్వకూడదు.

"రక్తం పలచబడే మాత్రలు వాడుతున్న కదా, కొంచెం తీసేస్తే ఇంకా మంచిదే" అని కూడా కొందరు వస్తారు. రక్తం తీయడం ఎకోస్ప్రిన్ చేసే పని చేయదు. రక్తం ఇస్తే గుండెపోటు రాదని వాట్సాప్‌లో తిరిగేదాన్ని కూడా నమ్మి మంచం ఎక్కకండి. ఆరోగ్యం బాగున్నవాళ్లనే దాతలుగా తీసుకుంటాం, కాబట్టి దాతల్లో జబ్బులు తక్కువ కనిపించడంలో వింతేముంది?

ఇక అనవసరంగా వెనక్కి పోయేవాళ్ల గురించి. వీళ్లు చాలామంది, నాకు ఎక్కువ బాధ కలిగించేదీ వీళ్లే. బీపీ మాత్ర వేసుకుంటున్నంత మాత్రాన మీరు గుండెజబ్బు మనిషి కారు. మాత్ర వేసుకున్నా, వేసుకోకపోయినా ఆ రోజు పై బీపీ 100 నుంచి 140, కింది బీపీ 60 నుంచి 90 మధ్య ఉండాలి. గత 28 రోజుల్లో మందు గానీ మోతాదు గానీ మారి ఉండకూడదు. బీపీ వల్ల గుండె, కిడ్నీ, కళ్లు దెబ్బతిని ఉండకూడదు, కళ్లు తిరిగి పడిపోయిన చరిత్ర ఉండకూడదు. అంతే, ఇవ్వొచ్చు. షుగర్‌కు మాత్రలు వాడేవాళ్లు కూడా నాలుగు వారాలుగా మోతాదు మారకుండా ఉంటే ఇవ్వొచ్చు, ఇన్సులిన్ వాడేవాళ్లు ఇవ్వకూడదు. తండ్రికి గుండెపోటు వచ్చినంత మాత్రాన, గుండె బాగున్న పిల్లలు ఇవ్వకూడదని కాదు. టెన్షన్‌తో ఎప్పుడో దడ వచ్చి, డాక్టర్ చూసి, ఈసీజీ, ఎకో నార్మల్ అని తేల్చి ఉంటే ఆ కాగితం చూపించండి.

మాత్ర పేరు ఒక్కటే చెప్తే సరిపోదని మాత్రం గుర్తుంచుకోండి. అదే మెటోప్రొలాల్ ఒకరికి బీపీ కోసం రాస్తారు, ఇంకొకరికి గుండెపోటు తర్వాత రాస్తారు. మొదటి మనిషి ఇవ్వొచ్చు, రెండో మనిషి ఇవ్వకూడదు. కొలెస్ట్రాల్ మాత్రదీ అదే కథ, ఎందుకు రాశారన్నదే ముఖ్యం. అందుకే మందుల చీటీ వెంట పెట్టుకుని వెళ్లండి. వినాయక చవితి శిబిరమైనా, నాయకుడి పుట్టినరోజు శిబిరమైనా, బీపీ చూడకుండా, వేలి చుక్క తీసి హిమోగ్లోబిన్ 12.5 ఉందో లేదో చూడకుండా పడుకోమంటే లేచి వచ్చేయండి. నీలం రంగు కాపర్ సల్ఫేట్ ద్రావణంలో మీ రక్తపు చుక్క మునుగుతోందా తేలుతోందా అన్నది మీ కళ్లతోనే చూడొచ్చు. మునిగితే సరిపోయినట్టు.

మీ నాయినకు చెప్పాల్సిన మాట ఇంకొకటి ఉంది. "నా చెల్లెకు నా రక్తమే పోవాలె" అంటున్నారని రాశావు. ఆయన ఇచ్చినా అది ఆమెకే ఎక్కుతుందని లేదు. ఇంటివాళ్లు ఇచ్చేది స్టాకులోకి వెళ్తుంది, ఆమెకు ఆమె గ్రూపుకు సరిపోయేది ఇస్తారు. నిజానికి దగ్గరి రక్త సంబంధీకుల రక్తం నేరుగా ఎక్కించకపోవడమే మంచిది. బాగా పోలిక ఉన్న రక్తంలోని తెల్ల కణాలను ఆమె ఒళ్లు పరాయివని గుర్తించదు, అవి లోపల నిలదొక్కుకుని ఆమె ఒంటి మీదే దాడి చేసే ప్రమాదం ఉంది. అరుదే, కానీ వస్తే బతకడం కష్టం. అందుకే దగ్గరివాళ్ల రక్తం తప్పక వాడాల్సి వస్తే రేడియేషన్ ఇచ్చి మరీ ఎక్కిస్తారు. ఈ సంగతి చెప్పి చూడు. చాలామంది అన్నదమ్ములు ఇది విన్నాక మెత్తబడ్డారు.

మేనత్తకు ఇంకా నెల టైముంది, అదే మీ అదృష్టం. ముందు ఆమె హిమోగ్లోబిన్ ఎంతో కనుక్కో. బ్లీడింగ్ ఎక్కువై గర్భసంచి తీయించుకునే ఆడవాళ్లకు ఏడు, ఎనిమిది ఉండటం మామూలే. ఒక యూనిట్ ఎక్కిస్తే దాదాపు ఒక గ్రాము పెరుగుతుంది. ఇప్పటి నుంచే ఐరన్ మాత్రలో, అవి పడకపోతే ఐరన్ ఇంజెక్షనో ఇస్తే ఆపరేషన్ నాటికి రక్తం అవసరమే తగ్గవచ్చు. గైనకాలజిస్ట్‌ను ఈ మాట సూటిగా అడగండి. ఇంట్లోవాళ్లు ఎంత పరుగెత్తినా ఈ ఒక్క ప్రశ్న అడగడం మరిచిపోతారు.

దాతల కోసం ఊళ్లో చూడు. వయసు 18 నుంచి 65 మధ్య ఉండాలి, మొదటిసారి ఇచ్చేవాళ్లు 60 దాటకూడదు. బరువు 45 కిలోలకు తగ్గకూడదు. చివరిసారి ఇచ్చి మగవాళ్లకైతే 90 రోజులు, ఆడవాళ్లకైతే 120 రోజులు దాటాలి. బదులుగా ఇచ్చేటప్పుడు ఏ గ్రూపైనా ఫర్వాలేదు. ఇద్దరు కావాలంటే నలుగురిని పిలువు, అక్కడికి వెళ్లాక ఒకరికి హిమోగ్లోబిన్ తగ్గుతుంది, ఒకరికి బీపీ పెరుగుతుంది. ఈ పని మీ నాయినకు అప్పజెప్పు. అన్నదమ్ముల పిల్లల్ని, వాడకట్టు కుర్రాళ్లను ఆయన పిలిస్తే వచ్చినంత త్వరగా నువ్వు పిలిస్తే రారు. డబ్బు తీసుకుని ఇస్తానని ఆసుపత్రి గేటు దగ్గర ఎవరైనా తగిలితే దండం పెట్టి పంపేయండి, రక్తం అమ్మడం 1998 జనవరి 1 నుంచి దేశమంతా నిషేధం.

ఆపరేషన్‌కు వారం, పది రోజుల ముందు వెళ్లండి. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలకు టైం పడుతుంది. శనివారం ఒక్కపొద్దు ఉండేవాళ్లను ఆ రోజు తీసుకెళ్లకు. నాలుగు గంటల లోపు కడుపునిండా తిని ఉండాలి, రాత్రి బాగా నిద్రపోయి ఉండాలి. ఇచ్చాక పావుగంట అక్కడే కూర్చోవాలి. అచ్చంపేట దాకా బైకు నడుపుకుంటూ రావద్దు, బస్సులో రండి.

ఇప్పటికే ఎప్పుడో స్టెంట్ సంగతి చెప్పకుండా ఇచ్చేసినవాళ్లు భయపడకండి. రోజులు గడిచి బాగున్నారంటే ఆ గండం దాటినట్టే. ఇకముందు ఇవ్వకండి, ఇచ్చిన చోట ఒక మాట చెప్పి రికార్డులో రాయించండి. ఇచ్చిన రోజో మర్నాడో ఛాతీ బిగపట్టడం, ఆయాసం, ఎడమ చేయి గుంజడం, చల్లటి చెమటలు ఉంటే మాత్రం తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఒక్కటి మరిచాను. మీ మేనత్త ఆసుపత్రిలో ఇచ్చే రక్తం కోరిక ఫారం మీద ఆమె పేరు, ఐపీ నంబర్ (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చే నంబర్), డాక్టర్ సంతకం, ముద్ర ఉన్నాయో లేదో చూసుకుని దాతలతో పంపించు. ఆ నంబర్ లేకపోతే మీవాళ్లు ఇచ్చింది ఆమె పేరు మీద ఎక్కదు, ఆపరేషన్ రోజు మళ్లీ దాతను తెమ్మంటారు.